దిద్దని మోతాదు

మా ఆయన రఘుపతికి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలవాడి మీద, పోస్టుమాన్ మీద, ఆఖరికి నా పోపుల డబ్బా మీద కూడా. పశువుల దవాఖానలో కాంపౌండరుగా రిటైరయ్యాక గొర్రెల జబ్బుల మీద పుస్తకం రాశారు. దేవరకొండ చుట్టుపక్కల మందలవాళ్లు ఇంటికొచ్చి కొనుక్కునేవారు.

తొంభై ఏడులో రెండో ముద్రణకి నూరుద్దీన్ కంప్యూటర్ సెంటర్లో టైపు చేయించారు. పుస్తకమంతా ఫ్లాపీలోకి ఎక్కిందని తెలిసిన రోజు నుంచి ఈయనకి అన్నం సహించలేదు.

"గా ఫ్లాపీ ఊరంత తిరుగుతది. నేను రాసుడు, ఆడు పంచుడా?"

దొంగను పట్టడానికి ఉపాయం పన్నారు. గొర్రెల కడుపులో పురుగులకి పోసే నట్టల మందులో మైలుతుత్తం మోతాదు కావాలనే ఎక్కువ వేయించారు. అచ్చయి వచ్చిన ప్రతి పుస్తకంలోనూ ఆ అంకె కొట్టేసి, అసలుది ఇంకుతో రాసి, ఆ తర్వాతే కొన్నవాళ్ల చేతికిచ్చేవారు. దిద్దని అంకె బయట కనబడిందంటే అది ఫ్లాపీలోంచి పోయిందన్నమాటే.

"ఎవలన్న అది సూసి మందు పోస్తే గొర్రెలు సావయా?" అన్నాను.

"ఉత్తగ దొరికిందని పోసుకుంటే నేనేం జెయ్య?"

నా మాట ఎప్పుడు విన్నారు గనుక!

ఎండాకాలం మందతో కొత్తకోట వైపు పోయిన బీరప్ప ఒకరోజు మా గడప ముందు నిలబడ్డాడు. చేతిలో కుట్టిన కాగితాలు, పైన మా ఆయన పేరు. ఈయన లాక్కుని నట్టల పేజీ తీశారు. దిద్దని అంకె! ముఖం వెలిగిపోయింది.

"దొరికిండు! ఎవడిచ్చిండు నీకు?"

"నూరుద్దీన్ దోస్తు ఆడ కంప్యూటర్ దుకాణం పెట్టిండు సారూ. పైసల్ తీసుకోలె. పుణ్యమని మందలోల్లందరికి ఇస్తుండు."

"పుణ్యమా? నా కష్టమది! పోలీస్ స్టేషన్ల కేస్ పెడ్త. ప్రతి అక్షరం నాదని రాసిస్త!"

బీరప్ప కూర్చోమన్నా కూర్చోలేదు. అతనెప్పుడొచ్చినా వీధి నిండా నిలబడే మంద ఆ రోజు కనబడలేదు.

"మంద ఏది బీరప్పా?" అడిగాను.

"గీ కాయితాల్ల రాసినట్టే పోసిన అమ్మా. సారు పేరున్నదని ఎవల్నీ అడగలె. మాపటికల్లా అన్ని పడిపోయినయ్." మా ఆయన వైపు తిరిగాడు. "ఒక్కటి చెప్పు సారూ. గీ లెక్క నువ్వు రాసిందేనా, ఆళ్లు మార్చిండ్రా?"

ఇంతసేపూ నాది, నాది అన్న మనిషి కాగితాలు కింద పెట్టారు.

"అది నాది గాదు," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆయనదే బీరప్పా. ప్రతి అక్షరం," అన్నాను.