మూడో బొట్టు

బసవమ్మ వంటింటి నేలంతా చేత్తో తడుముతోంది. సంగటి కొంచెం జారుగా అయిందని పొద్దున్నే మొగుడు ఈశ్వరప్ప ఆమె జుట్టు పట్టుకుని తలను రోలుకేసి కొట్టాడు. ఆ పెనుగులాటలో తాళి దారం తెగింది. చిట్లిన కనుబొమ్మకు పసుపు అదుముకుని, పూసలూ బొట్లూ ఏరుకుంటోంది. నెత్తురు కూడా ఆమే తుడవాలి. కొట్టినవాడు కడుపు నిండా తిని మామిడితోపుకు పోయాడు మరి!

"లక్ష్మి పోయిన దోవ నీకూ చూపిస్తా" అన్నాడు పోతూ పోతూ. పదహారేళ్ళుగా ప్రతి దెబ్బ వెనకా ఇదే మాట. లక్ష్మక్క అతని మొదటి పెళ్ళాం. పంతొమ్మిది వందల తొంభైలో కనబడకుండా పోయింది. స్టేషన్లో కాగితం రాసిచ్చింది కూడా ఈశ్వరప్పే. పోలీసులు హోసూరు దాకా వెతికి మానేశారు. ఎవడితోనో లేచిపోయిందని ఊరంతా అనుకుంది. బసవమ్మా నమ్మింది. నమ్మడమేంటి, కుళ్ళుకుంది! బెంగుళూరులో ఏ గార్మెంట్స్‌లోనో కుట్టుకుంటూ, సాయంత్రం మల్లెపూలు కొనుక్కుని తలలో పెట్టుకుంటూ ఉంటుంది మహాతల్లి, నాకా ధైర్యం ఎప్పుడొస్తుందో అనుకునేది. తన్నులు తినేటప్పుడు కళ్ళు మూసుకుని ఆ లక్ష్మక్కనే చూసేది. ఏదో ఒకరోజు తానూ ఆ దోవే పట్టాలని ఆశ.

ఒక బొట్టు కొక్కెం విరిగింది. బోసి మెడ కనబడితే అత్త నంజమ్మ ఇల్లు పీకి పందిరేస్తుంది. అందుకే బస్సెక్కి వేప్పనపల్లిలో కంసాలి కేశవాచారి దగ్గరికి పోయింది. ముసలాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. పుట్టింటి బొట్టు, మెట్టినింటి బొట్టు పక్కన పెట్టి మూడోదాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు.

"ఇది నేను చేసిందేనమ్మా. సవతి బొట్టు."

"కాదప్పా, మా అత్తోళ్ళ ఇంటి దేవతది. శుక్రవారం శుక్రవారం పసుపు పెట్టించి, 'మమ్మల్నేం చెయ్యొద్దు తల్లీ' అని మొక్కిస్తుంది మా అత్త."

"ఏం దేవతమ్మా! మొదటి పెళ్ళాం సచ్చిపోతే, పీడించకుండా రెండోదాని మెడలో కట్టేది ఇది. నీ పుట్టింటి బొట్టు చూస్తే కావేరిపట్టణందిలా ఉంది, ఆ పక్క లేదేమో. ఈడ వాడుక."

"ఆయమ్మ సచ్చిపోలేదప్పా. లేచిపోయింది."

"బతికున్నదాని పేరున ఇది ఎవరూ కట్టరమ్మా."

బసవమ్మ ఆ బొట్టు వైపే చూసింది. లక్ష్మి పోయిన దోవ. అయ్యో, ఎంత పిచ్చిదాన్ని! ఇన్నేళ్ళూ ఆ మాటను తప్పుగా విన్నాను కదా! బెంగుళూరు లేదు. మల్లెపూలు లేవు. తనకంటే ముందు అదే రోలు దగ్గర, అదే చేతికి చిక్కిన తల. నంజమ్మకు తెలుసు. కొడుకు చేసిన పనిని పోలీసుల దగ్గర దాచింది గానీ, చచ్చినదాని దగ్గర దాచలేక, భయానికి ఈ బొట్టు కట్టించింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ ఏడుపు లక్ష్మక్క చచ్చినందుకో, తను పారిపోవాల్సిన ఊరే లేకుండా పోయినందుకో తెలియలేదు.

"మూడూ కలిపి గుచ్చేదా అమ్మా?"

"వద్దప్పా. అదొక్కటీ కాగితంలో చుట్టియ్యి. నువ్వు చేసిందేనని ఎవరైనా అడిగితే చెప్తావా?"

ముసలాయన ఆమె కనుబొమ్మ వైపు చూశాడు. "చెప్తానమ్మా" అన్నాడు.

లక్ష్మక్క కేసు మళ్ళీ తియ్యమని అడిగితే, స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ విసుక్కున్నాడు. "యా కాలం కేసమ్మా అది! ఇంతకీ ఆయమ్మ నీకేమైతుంది?"

బసవమ్మ కాగితం విప్పి బల్ల మీద పెట్టింది.

"మా అక్క సార్. మీరు హోసూరు దాకా పోయి వెతికినారే, ఆయమ్మే. పదహారేండ్లుగా నా మెడలోనే ఉండాది."