ఈరన్న వాకిట వేసిన వల

చైత్రమాసపు తీవ్రాతపమున దినదినము కృశించుచు పగిలిన బంకమట్టిని తీరమున విడిచిపోవుచున్న మహాజలాశయము ప్రాతఃకాలమున నిశ్చలమై మెరయుచున్న వేళ మా యింట నున్నవారు నలుగురు. జ్వరతీవ్రతచే సంధిమాటలు పలుకుచు నులకమంచముపై పడియున్న మా నాయన మద్దిలేటి, ఆయన నుదుట తడిగుడ్డ మార్చుచున్న ఆయన తల్లియగు జేజి సుంకులమ్మ, తాపీపని తప్ప జలవృత్తి యెరుగక ఎమ్మిగనూరునుండి చూడవచ్చిన చిన్నాయన బజారి, పొయ్యియొద్ద నేను. అమ్మ వైద్యునికొరకు ఆత్మకూరునకు పోయి యుండెను.

మా కున్నది యొకే వల. దానిని నీట విడిచి వచ్చిన రాత్రియే నాయనకు జ్వరము తగిలెను. జ్వరమునకు అది మూడవనాడు. నీరు తగ్గుచుండుటచేత ఆ పూట తీయనిచో వల మునిగిన గోడలకు చిక్కి చినిగిపోవును. ఎక్కడ వేసితివని చిన్నాయన పలుమారడుగగా నాయన కన్ను విప్పక "ఈరన్నోళ్ల వాకిట్లో" అనెను.

చిన్నాయన పరుగున పోయి అంతకంటె వేగముగా తిరిగివచ్చెను.

"ఈరన్న పెండ్లాము చీపురెత్తుకొని తరిమిందమ్మా! మా వాకిట్లో ముగ్గుంది గాని వల యాడుందప్పా, పొద్దున్నే తాగొచ్చినావా అంటాది."

జేజి కడుపు పట్టుకొని నవ్వెను. "కొత్తూరి ఈరన్న గాదురా బజారీ. నీళ్లలో మునిగిన పాతూర్లో వాళ్ల తాత వాకిలి."

మునిగిన వాకిళ్ల పేర్లే నేటికిని మా బెస్తలకు నీటిపై గురుతులు. నీటిపైనుండి చూడగా ఏ గుట్ట యే గుట్టను కప్పినచో అడుగున ఎవరి వాకిలి యుండునో, నాయనతో పుట్టిపడవలో తిరిగిన నాకు తెలియును.

"పాప సూపిస్తాది, తోడుకొని పో" అనెను జేజి.

"ఈ పిల్లా? నిన్న సిగ్గుతో నా మొగం సూడక మంచినీళ్లు గోడకిచ్చి పోయె. నడినీళ్లలో దారి నాకు జెప్తాదా, చేపలకు జెప్తాదా?"

నేను పొయ్యివైపు తిరిగితిని. "నాయనకు నయమైనంక..." అని గొణిగితిని.

"అంతదంక వల ఉంటాదా?" అని జేజి నా చేత తెడ్డుంచి భుజము పట్టి గడప దాటించెను. చిన్నాయన ముందు నడచెను. నేను మరలి లోనికి రాబోతిని.

పగటివేళ మా తలుపు మూయుట నేను పుట్టినది మొదలు చూచి యెరుగను. జేజి నా ముఖమువంక చూడక రెండు రెక్కలను దగ్గరకు లాగి లోపల గడియ వేసెను.