కంటి మీద బొట్టు

సంచిలోకి ముందు కత్తుల డబ్బీ వెళ్ళింది. తర్వాత స్టిక్కర్ కింద గాలి బుడగలు తీసే రబ్బరు బద్ద, టిఫిన్ బాక్సు, మేకుకు వేలాడుతున్న పాత చొక్కా. మస్తాన్ వలి సంచి సర్దుకుంటున్నాడు. నోరుంటే అరిచి ఉండేదాన్ని.

నేను ఒక ప్లాటర్‌ని, స్టిక్కర్లు కోసే యంత్రాన్ని. సముద్రం అవతల ఎక్కడో పుట్టాను. హైదరాబాద్‌లో ఒకాయన నాతో హెల్మెట్ల మీద మంటల బొమ్మలు కోయించి, మొహం మొత్తి అమ్మేస్తే, గుంటూరు ఆటోనగర్‌లో కోటిలింగం షాపుకు చేరాను. పేరుకు షాపు కోటిలింగానిది. నన్ను నడిపింది మస్తాన్. ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే ఏడు బడి మానేసిన స్నేహితులు. ఒకరినొకరు 'బావా' అనుకునేవాళ్ళు.

బస్సుల వెనక అద్దాలకు వేసే చిల్లుల స్టిక్కర్ మా ప్రత్యేకత. బయటివాళ్ళకు బొమ్మ, లోపలివాళ్ళకు రోడ్డు కనిపిస్తాయి. దాన్ని కోయడమంటే జల్లెడను గీత తప్పకుండా కోయడమే. అచ్చయి వచ్చిన బొమ్మ మూలల్లో నల్ల గుర్తులుంటాయి. కత్తి పక్కనున్న నా గాజు కన్ను వాటిని చూసి ఎక్కడ కోయాలో తెలుసుకుంటుంది. చిల్లును చూసి గుర్తనుకున్నానా, బొమ్మ పాడైనట్టే. అందుకే మస్తాన్ ఆ మూలల కింద తెల్ల కాగితం అతికించేవాడు. పచ్చి రంగు మీద కోస్తే స్టిక్కర్ ముడుచుకుంటుందని, రంగు పూర్తిగా ఆరనిదే నా దగ్గరికి తెచ్చేవాడు కాదు. ముందు ఒక వారన చిన్న ముక్క కోసి చూసుకునేవాడు.

"ఎంతసేపు బావా, పెళ్ళిచూపులా?" అనేవాడు కోటిలింగం.

"తొందరైతే నువ్వే పళ్ళతో కొరుక్కో బావా."

దసరాకు ఆయుధపూజ చేశారు. నిమ్మకాయలు, పూలదండ మస్తానే తెచ్చాడు. హారతి పళ్ళెం పట్టుకున్నదీ అతనే. కోటిలింగం గంధం పలచగా కలిపి, కత్తి ఉండే నా తల మీద ఇంత బొట్టు పెట్టి, పైన కుంకుమ అద్దాడు. అది మెల్లగా జారి నా కంటి మీద ఆరిపోయింది. మనుషులు దణ్ణం పెట్టుకునేటప్పుడు కళ్ళు మూసుకుంటారు గదా! ఎవరూ చూడలేదు.

మర్నాటి నుంచి గీత పక్కకు పోయింది. టూరిస్టు బస్సుకు వేయాల్సిన పులికి చెవి తెగింది. మస్తాన్ కత్తి మార్చాడు, రోలర్లు సరిచూశాడు, వేగం తగ్గించాడు, మూలల కింద కొత్త కాగితం పెట్టాడు. రెండో పులికి మీసం పోయింది.

"ఏంది కోటిలింగం, పులికి క్షవరం చేశావా?" అని బస్సు డ్రైవరు పగలబడి నవ్వాడు.

ఆ నవ్వు కోటిలింగానికి తగిలింది. డ్రైవరు వెళ్ళగానే మస్తాన్ మీద పడ్డాడు. "పూజ చేసిన మర్నాటి నుంచే ఎందుకు తేడా వస్తంది? నమ్మకం లేనోడి చెయ్యి పడితే మిషన్ ఇట్టాగే చేస్తంది."

మస్తాన్ చేతిలోని కత్తి కింద పెట్టాడు. "దండ తెచ్చింది ఈ చెయ్యే బావా," అన్నాడు.

'ఊరికే అన్నాలేరా' అంటే సరిపోయేది. కోటిలింగం అనలేదు. అందుకే ఆ సంచి.

మస్తాన్ వెళ్ళాక కోటిలింగం తనే కోయబోయి మూడో పులినీ పాడుచేశాడు. తిట్టుకుంటూ గుడ్డ తీసి నన్ను తుడిచాడు. బొటనవేలికి ఎర్రగా అంటింది. వేలు చూసుకున్నాడు. వాసన చూశాడు. ప్యాంటుకు తుడుచుకున్నాడు. నాలుగో పులి చెవులతో, మీసాలతో బయటికొచ్చింది.

అప్పుడు ఫోన్ చేశాడు. "బావా, మిషన్ బాగయింది. వచ్చెయ్."

"ఏమైందంట దానికి?" మస్తాన్ గొంతు నాకూ వినిపించింది.

కోటిలింగం వేలికి ఎరుపు ఇంకా పోలేదు. "ఏదో దుమ్ములే."

"సరే బావా. తుడుచుకుంటా ఉండు."

నా ఒళ్ళు మండిపోయింది. నా కన్ను మూసినందుకు కాదు, అది తెలియక చేసిన పని. తెలిశాక కూడా దుమ్మన్నాడే, అందుకు! వెంట్రుకంత తేడా వచ్చిందని పులుల్ని పారేసిన మనిషి, తన మాటను మాత్రం అలాగే ఉంచుకున్నాడు. నమ్మకం లేనిది ఎవరికో చెప్పడానికి నాకు నోరు లేకపోయింది.

ఇప్పుడు షాపులో కొత్త మిషన్ ఉంది. నన్ను తలుపు వెనక గోనెపట్టా కప్పి నిలబెట్టారు. ఏటా దసరాకు పట్టా తీసి నాకూ ఒక బొట్టు పెడతారు. కోటిలింగం దాన్ని నా కంటికి దూరంగా, ఎంతో జాగ్రత్తగా పెడతాడు. పెట్టి వాకిలి వంక చూస్తాడు.

నా కన్ను మూసుకుపోయిన ఆ దసరా దాటిన బుధవారం పొద్దున మస్తాన్ వలి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.