మెడ దగ్గర కొక్కెం

పెదనాన్న ఈవన్ శవపేటిక ముందు నాన్న బ్యాగ్‌పైపు ఊదుతూ నడవాలి. చర్చి గేటు నుంచి గొయ్యి దాకా నూట అరవై అంగలు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చాక ఏడాదిగా నాన్న ఊదలేదు. మందులకు మెడ ఉబ్బింది. ఆ ఉదయం, కిల్టు మీద తొడిగే పొట్టి కోటు డబ్లెట్‌కి కాలరు రెండు కొసలూ కలవలేదు.

డబ్లెట్‌ని ఒక్కొక్కరు ఒక్కోలా తొడుక్కుంటారు. పెళ్లిళ్లకు వెళ్లే కుర్రాళ్లు పై కొక్కెం వదిలేసి, దాని మీద తెల్ల లేసు వేలాడదీస్తారు. బెల్టు పెట్టనివాళ్లూ ఉన్నారు. మా ఇంట్లో ఒకటే పద్ధతి. రెండు వరుసల గుండీలూ పెట్టి, కొక్కెం బిగించి, పైన వెడల్పు బెల్టు. మెడ దగ్గర ఇంకేమీ ఉండకూడదు. అన్నదమ్ములిద్దరూ ఒకే నల్లగుడ్డలో కుట్టించుకున్నారు. పెదనాన్నను తన డబ్లెట్‌తోనే పెట్టెలో పడుకోబెట్టారు.

"మామూలు కోటేసుకో ఫార్కర్," అంది ఎఫీ పెద్దమ్మ నాన్నతో. "జనం వచ్చేది మీ అన్నయ్య కోసం. నువ్వేం పెళ్లికొడుకువి కాదు."

"ఆయనది తొడిగి పంపిస్తున్నావుగా వదినా. నాదీ తొడుక్కోనీ."

"ఆయనకి ఊపిరి పీల్చుకునే పని లేదు."



నేను పట్నంలో కిల్టులు, మగవాళ్లు కట్టే గళ్ల కుచ్చిళ్ల పావడాలు, కుట్టే కొట్లో పనిచేస్తాను. డబ్లెట్ వంటింట్లోకి తీసుకెళ్లి గుండీలు అర అంగుళం జరిపాను. కాలరు లోపల, ఎవరికీ కనపడకుండా, కొక్కేనికి దారంతో వదులుగా ఒక ఉచ్చు కుట్టాను. తొడిగితే బయటికి మూసినట్టే ఉంది. నాన్న వేలు పెట్టి తడిమాడు.

"ఎవరి మెడకి కుట్టావే ఇది?"

"నీ మెడకే నాన్నా."

"కాదు. కొక్కెం పాతచోట పెట్టు."

"ఊపిరాడదు."

"ఆడినంతే ఆడుతుంది."

దారం తెంపాను. నా చేత్తోనే కొసలు లాగిపట్టి కొక్కెం బిగించాను. కాలరు పైకి కండ పొంగి నిలబడింది.

సన్నగా వాన పడుతోంది. మొదటి వరస బాగానే సాగింది. సగం దారిలో స్వరం కుంగింది. నాన్న గడ్డం పైకెత్తి గాలి కోసం వెతుక్కున్నాడు. కాలరు సడల్లేదు. బ్యాగ్‌పైపు గాలిసంచి చేతికింద మెత్తబడి, పైపులు మూలిగి ఆగిపోయాయి.

మా దగ్గర భుజానికెత్తిన పెట్టెను గొయ్యి దాకా ఆపకూడదు. మోసేవాళ్లు ఆరుగురూ ఆయన పక్కనుంచి తప్పుకుని ముందుకెళ్లిపోయారు. నేను కాలరు మీద చెయ్యేశాను. ఆయన నా చెయ్యి తోసేశాడు.

"వెళ్లు," అన్నాడు గాలి లేని గొంతుతో. "అన్నయ్య ముందెవరూ లేకుండా పోతున్నాడు."

నేను పరుగెత్తి పెట్టె ముందుకు వెళ్లి, ఉత్త చేతులతో నడిచాను. వెనక నలుగుతున్న గులకరాళ్లు తప్ప ఏ చప్పుడూ లేదు.

పెట్టెను గోతిలోకి దించేటప్పుడు తల దగ్గరి తాడు పట్టాల్సింది నాన్న. రమ్మని ఎవరో పిలిచారు. ఆయన దారి పక్క గోడమీద కూర్చుని, తల అడ్డంగా ఊపాడు. పెద్దమ్మ తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మెల్లగా వదులు," అంది.


వదిలాను.