పూజలో కూర్చున్న స్క్రూడ్రైవరు

శరన్మేఘములు గోదావరిపై దూదిపింజలవలె చెదరిపోవుచుండగా మహర్నవమినాటి లేయెండ రాజమహేంద్రవరమున నొక మూడవ యంతస్తు వంటింటి కిటికీలో దూరి గుమ్మమునకు గట్టవలసిన బంతిపూలపై వాలుచున్న వేళకు ఆ యింటి దంపతుల వాగ్వాదము అప్పటికే ముదురుపాకమున బడియుండెను.

వివాదమునకు మూలము మైక్రోవేవు. దానికి వచ్చిన వ్యాధి విచిత్రమైనది. దీపము వెలుగును. పళ్లెము తిరుగును. లోపలి పంకా ఘోషించును. లోనుంచిన గ్లాసులోని నీరు మాత్రము కూజానీటివలె చల్లగానే యుండును. గృహస్థు నృసింహమూర్తి మీటను పూర్తిశక్తికి ద్రిప్పిచూచెను. తలుపు గట్టిగా నొక్కిచూచెను. ప్లగ్గును వేఱొకచోట బెట్టిచూచెను. ప్రతిసారియు ఆయన తల్లి కనకాంగమ్మ గ్లాసులో వ్రేలు ముంచి పెదవి విఱిచెను.

“ఇంకేముంది, వెనకరేకు విప్పడమే” అని ఆయన స్క్రూడ్రైవరు నందుకొనెను.

భార్య సుభాషిణి చేయి యడ్డుపెట్టెను. ఆ రేకుపైనున్న మెఱుపుగుర్తును ఆమె ఎన్నిమార్లో గుడ్డతో దుడిచియుండెను. ప్లగ్గు దీసిన పిమ్మటను లోపలి కెపాసిటరులో విద్యుత్తు పొంచియుండి తాకినవాని ప్రాణమునే హరింపగలదని యంత్రముతో వచ్చిన పుస్తకమున జదివియుండెను. భర్తయో పండుగ తలస్నానము చేసి తడి యారని చేతులతో నుండెను.

“ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలవుంటుందండీ. మీకు దణ్ణం పెడతాను, ముట్టుకోకండి.”

“ఈ ఇంట్లో మిక్సీ, గీజరు బాగుచేసిందెవరు? మీ అన్నయ్యా?”

“మిక్సీ అయితే కరుస్తుందిరా నాయనా, ఇది మింగేస్తుందేమో!” అని కనకాంగమ్మ గొణిగెను.

ఆయన వినిపించుకొనక స్క్రూడ్రైవరును గట్టుపై బెట్టి కళ్లజోడు కొఱకు పడకగదిలోనికి బోయెను. సెల్‌ఫోను దీపముతో సిద్ధముగా నిలిచిన కూతురు హైమ తల్లివంక బేలగా జూచెను.

మఱుక్షణమే సుభాషిణి ఆ స్క్రూడ్రైవరును పనిముట్ల డబ్బాతో సహా గైకొని దేవుని గదికి పరుగెత్తి అమ్మవారి పీటముందు కత్తిపీట ప్రక్కన నుంచి పసుపు పూసి కుంకుమ దిద్ది పైన నొక బంతిపూవు బెట్టి గబగబ హారతి యిచ్చెను. నవమినాడు పూజ నందిన యాయుధమును దశమినాడు ఉద్వాసన చెప్పువఱకు గదల్పరాదనుట ఆ యింటి కట్టడి. నిరుడు ఇదే దినమున కొళాయి కాఱిపోవుచుండగా రెంచి పూజలోనున్నదని దినమెల్ల బకెట్టులు మార్చినవాడు ఆ నృసింహమూర్తియే.

కళ్లజోడుతో వచ్చి ఆయన గుమ్మమున నిలిచెను. చేయి ముందునకు సాగెను. హారతికర్పూర మింకను మండుచుండెను.

“ఊఁ, తియ్యి మరి, చూస్తాను” అనెను కనకాంగమ్మ.

చేయి స్క్రూడ్రైవరును దాటి కుంకుమభరిణెను జేరెను. ఆయన వంటింటికి దిరిగివచ్చి మైక్రోవేవు నొసట నొక బొట్టు పెట్టి అందఱిని గలయజూచి మెల్లగా బలికెను.

“ఇది కూడా పూజలో ఉంది. దశమి వెళ్లాక రిపేరు షాపుకి తీసుకెళ్తాను. అందాకా ఎవరూ దీని రేకు విప్పకూడదు. నేను కూడాను.”