అడగకుండా గుచ్చిన పువ్వు

నా చేతులు పడిపోను. ఆ మంగళవారం ఉదయం అవి బుద్ధిగా ఒళ్లో పడి ఉంటే ఒక తల్లీ కొడుకూ ఆఖరిసారి ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉండేవారు.

కువైట్‌లో సల్వా అనే పేటలో ఒక బ్రిటిష్ స్కూల్లో ఆఫీసు పని నాది. పన్నెండేళ్లుగా అదే కుర్చీ. ఎదుటివాళ్ల కాలరు సరిచెయ్యందే నాకు తోచదని మావారు అనంతరామ్ ఎగతాళి చేస్తారు. నిజమే, ఒప్పుకుంటాను. ఎవరి బొత్తామైనా ఊడితే కుట్టేస్తాను, ఏ పిల్ల రిబ్బను జారినా పిలిచి కడతాను. నా నల్లపూసల గొలుసుకి ఎప్పుడూ నాలుగు పిన్నీసులు వేలాడుతుంటాయి. విజయవాడలో మా బడిలో ఆగస్టు పదిహేనుకి కాగితం జెండా పెట్టుకోకుండా వచ్చిన పిల్లని, ఎందుకు పెట్టుకోలేదే అని టీచరమ్మ అడిగేది కాదు. తన పిన్నీసు తీసి గుచ్చేసి, బుగ్గ మీద ఒకటి తట్టి లైన్లోకి తోసేది. ప్రేమంటే అలా ఉంటుందని నేర్చుకున్నదాన్ని నేను.

మా స్కూల్లో నవంబరు పదకొండున అందరూ గుండె మీద ఎర్ర కాగితం పువ్వు పెట్టుకుంటారు. మనం మసాలాల్లో వేసుకునే గసగసాల మొక్క జాతి పువ్వు. యుద్ధాల్లో పోయిన సైనికుల జ్ఞాపకంగా ఇంగ్లండులో వందేళ్లుగా ఉన్న అలవాటట. పదకొండు గంటలకి రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. తర్వాత మా ప్రిన్సిపాల్ మిసెస్ హార్‌గ్రీవ్ టీచర్ల వరస ముందు నడుస్తూ ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతుంది. ఆవిడకి అది మొక్కుబడి కాదు. ఆవిడ తమ్ముడు స్టీఫెన్ తొంభై ఒకటిలో, ఈ కువైట్‌ని విడిపించే యుద్ధంలోనే, ఇక్కడి ఎడారిలో పోయాడు. ఇరవై రెండేళ్లవాడు. వాడు పోయిన దేశంలో ఉండాలనే ఆవిడ ఇక్కడికి ఉద్యోగానికి వచ్చింది. గట్టి మనిషి, మాటలో చేతలో ఎక్కడా మెత్తదనం కనిపించదు. ఆ ఒక్క రోజు మాత్రం కళ్లు ఎర్రగా ఉంటాయి.

డెక్లన్ సార్ మా లెక్కల టీచరు. ఐర్లాండులో ఉత్తరాన, ఇప్పటికీ ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న డెర్రీ అనే ఊరు అతనిది. మా అమ్మాయి శ్రేయ పదో తరగతిలో లెక్కలంటే జ్వరం తెచ్చుకుంటుంటే, ఏడాది పొడుగునా తన భోజనం టైములో కూర్చోబెట్టి చెప్పాడు. ఏమైనా ఇవ్వబోతే నీ పులిహోర డబ్బా చాలు రాజీ అన్నాడు. నన్ను రాజ్యశ్రీ అని పూర్తిగా పిలవడం అతని వల్ల కాలేదు. రోజూ ఒంటిగంటకి మా ఆఫీసు పక్క గదిలో కూర్చుని వాళ్లమ్మకి ఫోను చేస్తాడు. ఆమెకి ఊపిరితిత్తులు పాడైపోయి ఇంట్లోనే ఆక్సిజన్ మీద ఉంది. క్రిస్మస్ దాటడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు. డిసెంబరు పద్దెనిమిదికి టికెట్టు కొనుక్కుని, ఆ ఆఖరి రోజులు తల్లి మంచం పక్కన గడపాలని అతను కాచుకుని ఉన్నాడు. అంతకు మించి ఆ మనిషి ఈ ఏడు ఏమీ కోరుకోలేదు.

అతను పువ్వు పెట్టుకోడు. ఈ స్కూలుకి వచ్చిన ఎనిమిదేళ్లూ పెట్టుకోలేదు. మిసెస్ హార్‌గ్రీవ్ అతని ఖాళీ కోటు వంక ఒకసారి చూసి, చెయ్యి కలిపి ముందుకు వెళ్లిపోయేది. ఎందుకు పెట్టుకోరని ఒకసారి అడిగితే, మా ఇంట్లో లేదు రాజీ, అదొక పెద్ద కథ అని నవ్వేశాడు. మన ఇళ్లల్లో కొందరికి వడియాలు పెట్టే ఆనవాయితీ ఉండదు చూడండి, అలాంటిదేదో అనుకున్నాను. ఐర్లాండన్నా ఇంగ్లండన్నా నాకు అప్పట్లో ఒకటే. ఎవరైనా నన్ను మద్రాసీ అంటే ఒళ్లు మండిపోయేదాన్ని, ఆ కథేమిటో చెప్పండి సార్ అని ఒక్కమాట అడగలేదు.

ఈ ఏడు కాంట్రాక్టులు తగ్గిస్తారన్న మాట మొదలైంది. ఎవరిని ఉంచాలో ఎవరిని వదులుకోవచ్చో యాజమాన్యం రాసి పంపమంది. మిసెస్ హార్‌గ్రీవ్ చెబుతుంటే టైపు చేసింది నేనే. డెక్లన్ పేరు దగ్గర ఆవిడ ఆగింది. గొప్ప టీచరే, కానీ ఎనిమిదేళ్లయినా మనలో కలవలేదు అంది. ఆ వాక్యం రాయమందో వద్దందో తేల్చకుండానే తర్వాతి పేరుకి వెళ్లిపోయింది. ఆ మాట అతని ఖాళీ కోటు గురించేనని నాకు అనిపించింది.

పదకొండో తారీకు పదిన్నరకి డెక్లన్ సార్ జెరాక్సు మిషను దగ్గర ప్రశ్నపత్రాలు తీసుకుంటున్నాడు. కోటు నా ఎదుటి కుర్చీకి తగిలించి ఉంది. నా బల్ల మీద మిగిలిపోయిన పువ్వులు ఉన్నాయి. ఇంకేం ఆలోచించలేదు. గొలుసు నుంచి పిన్నీసు తీసి, ఎడమ వైపు పువ్వు పెట్టి గుచ్చేశాను. అడిగితే మరిచిపోయారేమోనని పెట్టానంటే సరిపోతుంది, పెట్టుకుంటే ఉద్యోగం నిలబడుతుంది, ఆవిడా సంతోషిస్తుంది. బెల్లు కొట్టగానే అతను కోటు చంకన పెట్టుకుని పరిగెత్తుతూ హాలు గుమ్మం దగ్గర తొడుక్కున్నాడు.

మౌనం అయింది. మిసెస్ హార్‌గ్రీవ్ వరస వెంట వచ్చి అతని ముందు ఆగిపోయింది. అందరికీ ఒక చెయ్యే ఇచ్చే మనిషి, అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడు అతను కిందికి చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. ఆవిడ ఏడుస్తోంది. థాంక్యూ డెక్లన్, స్టీఫెన్ చూసి ఉంటే సంతోషించేవాడు అంది. అతను ఎవరు గుచ్చారా అని చుట్టూ చూడలేదు, చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆవిడ వదిలి ముందుకు కదిలాక కూడా పువ్వు తియ్యలేదు. కార్యక్రమం అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. నేను హాలు చివర్న నిలబడి మురిసిపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నా అంత తెలివైనది లేదనుకున్నాను.

తర్వాత ఆఫీసుకి వచ్చి పువ్వునీ పిన్నీసునీ నా బల్ల మీద పెట్టాడు. నువ్వేనా అని అడిగాడు. అవును సార్, మరిచిపోయారని, అన్నాను. మంచి మనసుతోనే పెట్టావులే అని వెళ్లిపోయాడు. ఒక్క పరుషమైన మాట అనలేదు. అనేసి ఉంటే నాకు ఈ బరువులో కాస్తయినా తగ్గేది.

మరునాడు ఒంటిగంటకి వాళ్లమ్మ ఫోను ఎత్తలేదు. ఆ మరునాడూ ఎత్తలేదు. గురువారం అతను పక్క గదిలో ఫోను చేతిలో పెట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చుంటే, ఇక ఆగలేక వెళ్లి అడిగాను. అప్పుడు చెప్పాడు ఆ పెద్ద కథ.

నిజానికి అది చాలా చిన్న కథ. యాభై ఏళ్ల కిందట వాళ్లమ్మకి పదిహేడేళ్లప్పుడు, ఆమె తమ్ముడు మైకేల్‌ని ఇంటి గుమ్మంలోనే ఒక బ్రిటిష్ సైనికుడు కాల్చేశాడు. పిల్లవాడికి పద్నాలుగేళ్లు, చేతిలో ఏమీ లేదు. ఆమె ఒళ్లోనే పోయాడు. కాల్చినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. పోయిన బ్రిటిష్ సైనికులందరి కోసమూ ఆ పువ్వు అన్నప్పుడు వాడి లాంటివాళ్లూ అందులో ఉన్నట్టే కదా అని ఆమె లెక్క. వాళ్లింట్లో ఆ పువ్వు బొమ్మ ఉన్న పేపరు కూడా బల్ల మీద పెట్టరట. ఇంటర్నెట్టులో మా స్కూలు పేజీలో ఆ రోజు ఫొటో చూసిన పొరుగింటావిడ తీసుకెళ్లి ఆమెకి చూపించింది.

ఆ ఫొటో తీసింది మా ఆఫీసు బాయ్ మునాఫ్. రాయచోటి మనిషి, యాభై దాటాడు, స్కూలు పేజీ అతనే చూసుకుంటాడు. నేను కోపంగా వెళ్లి ఎందుకు పెట్టావని నిలదీశాను.

"నాకేం తెలుసు మేడమ్. పెద్ద మేడము కండ్లనీళ్లు పెట్టుకుంటాండె, ఆ సారు చెయ్యి పట్టుకోనుండె. మనుషులు ఇట్లుంటే బాగుంటాది గదా అని పెట్టినా" అన్నాడు.

అతన్ని ఏమనగలను? వెంటనే తీసేశాడు. అప్పటికే ఆ ఫొటో డెర్రీలో సగం ఫోన్లలోకి వెళ్లిపోయింది.

ఆ వారాంతం నాకు ముద్ద దిగలేదు. ఇద్దరూ అక్కలే. ఇద్దరి తమ్ముళ్లూ తుపాకీకే పోయారు. ఒకావిడ కన్నీళ్లు తుడవబోయి ఇంకొకావిడ కంట్లో కారం కొట్టాను. ఎవరి దగ్గర తప్పు ఒప్పుకోవాలి? ఆదివారం పొద్దున్నే డెక్లన్ సార్‌ని పట్టుకుని, మీ అమ్మగారితో నేను మాట్లాడతాను, గుచ్చింది నేనని చెబుతాను అన్నాను. లాభం లేదన్నాడు. నేను వినలేదు. ఎలాగో తల్లి దగ్గరుండే తన చెల్లెలికి చెప్పి ఒప్పించాడు. ఒంటిగంటకి, అంటే అక్కడ పొద్దున్న పదింటికి, ఆ అమ్మాయి ఫోను తల్లి చేతికిచ్చింది. స్పీకరు పెట్టి బల్ల మీద మా ఇద్దరి మధ్యా ఉంచాం.

నేను ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. నా జెండాలు, నా పిన్నీసులు, కాంట్రాక్టుల సంగతి, అతనికి తెలియనే తెలియదన్న మాట. ఆమె అడ్డు రాలేదు. ఆక్సిజన్ మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆగి ఆగి, చాలా మర్యాదగా మాట్లాడింది.

"నువ్వు నిజమే చెబుతున్నావమ్మా. నీ మీద నాకేం కోపం లేదు. పెట్టింది నువ్వే. కానీ ఫొటోలో వాడు దాన్ని చూసుకుంటున్నాడు. వాడి రెండో చెయ్యి ఖాళీగానే ఉంది."

ఆమె కొడుకుని పిలిచింది. అతను ఉన్నానమ్మా అన్నాడు.

"ఒక్కటే అడుగుతాను డెక్లన్. రేపు ఆవిడ మళ్ళీ అలాగే నీ ముందు నిలబడితే, తీసేస్తావా?"

తీస్తాను. ఒక్క మాట. చావబోతున్న తల్లికి ఆ ఒక్క మాట చెబితే ఏ దేవుడు కాదంటాడు? నేను తల ఊపాను, చేతులు జోడించాను. కంగారులో తెలుగులోనే, చెప్పవయ్యా, తీస్తానని చెప్పు అని గొణిగాను. అతను ఫోను వంక చూస్తూ పెదవులు కదిపాడు. మాట రాలేదు. ఆమె ఆగింది. ఎంతసేపు ఆగిందో నేను చెప్పలేను, నాకైతే ఆ మిషను చప్పుడు తప్ప ప్రపంచంలో ఇంకేమీ వినిపించలేదు. చివరికి, సరే నాన్నా అంది. ఫోను ఆగిపోయింది.

నేను అతని మీద విరుచుకుపడ్డాను. నోరు పడిపోయిందా, అబద్ధమైనా చెప్పలేరా అని అరిచాను. అతను కోప్పడలేదు.

"ఆవిడ తమ్ముడి పేరు చెప్పుకుని ఏడుస్తోంది రాజీ. మా అమ్మ కూడా అలాగే ఏడుస్తుంది. ఆ ఏడుపు ముందు నేను తియ్యలేను. తీస్తానని మా అమ్మకి అబద్ధమూ చెప్పలేను" అన్నాడు.

రావద్దని చెల్లెలు కబురు పెట్టినా డిసెంబరు పద్దెనిమిదిన వెళ్లాడు. తల్లి లోపలికి రానివ్వలేదు. మూడు వీధుల అవతల లాడ్జిలో గది తీసుకుని రోజూ పొద్దున్నే వెళ్లి గుమ్మం ముందు నిలబడేవాడట. మైకేల్ పోయిన గుమ్మమే అది. ఇరవై ఏడున ఆమె పోయింది. శవపేటిక మోయడానికి మేనమామలు అతని భుజాన్ని ఒప్పుకోలేదు. జనవరిలో తిరిగొచ్చాక నా ఎదుట కూర్చుని ఈ నాలుగు సంగతులూ చెప్పి, క్లాసు టైమైందని లేచి వెళ్లిపోయాడు. ఒంటిగంటకి ఇప్పుడు ఆ గది ఖాళీగానే ఉంటోంది.

ఆ మధ్యాహ్నం మిసెస్ హార్‌గ్రీవ్ నన్ను లోపలికి పిలిచింది. డెక్లన్ తల్లి పోయిందని విన్నదట. సంతాపం ఉత్తరం టైపు చెయ్యమంది. అతని కాంట్రాక్టు ఇంకో మూడేళ్లు పొడిగించమని తనే రాశానని చెప్పింది. అన్నీ చెప్పేయాలనుకున్నాను. కనీసం ఆ పువ్వు అతను పెట్టుకున్నది కాదని, దాని ఖరీదు ఇదీ అని ఒకరికైనా తెలియాలి. మేడమ్ అని మొదలుపెట్టాను. ఆవిడ కళ్లజోడు తీసి నా వంక చూసింది. ముప్పై అయిదేళ్లలో స్టీఫెన్ కోసం ఒక ఐరిష్ మనిషి తనంతట తాను ముందుకు రావడం ఇదే మొదటిసారి అంది. ఆ రోజు నుంచీ రాత్రిళ్లు కాస్త నిద్ర పడుతోంది అంది.

"పాపం, ఇప్పుడు అతనికి ఎవరూ లేరు. ఇక అతను మనవాడే రాజ్యశ్రీ. మనమే చూసుకోవాలి."

ఎస్ మేడమ్ అన్నాను. వచ్చి కూర్చుని ఉత్తరం టైపు చేశాను.