బల్బు పెట్టిన ఇంజిన్

పళ్ల డాక్టరమ్మ తన బొమ్మ విమానాల ఇంజిన్లను ఎవరికీ ఇచ్చేది కాదు. చూస్తామంటే చూపించేది, పట్టుకుంటామంటే చేతులు కడుక్కు రమ్మనేది, ఇంటికి తీసుకెళ్తామంటే మాత్రం వినబడనట్టు ఊరుకునేది. అలాంటి మనిషి మూడు ఇంజిన్లు తీసి తమ్ముడి చేతిలో పెట్టిందంటే, వాడు ఎంతగా బతిమాలి ఉంటాడో ఊహించుకోవచ్చు.

తమ్ముడిది హోటళ్లకూ ఆఫీసులకూ లోపలి అలంకరణ చేసే పని. ఏ వస్తువునూ ఉన్నదున్నట్టు వదలడం చిన్నప్పటి నుంచీ వాడి వల్ల కాదు. అందుకే ఇంట్లో అందరూ వాడిని ‘హంగులు’ అని పిలుస్తారు.

“కొత్త హోటల్ ముందు హాలంతా విమానాల మీదే చేస్తున్నానక్కా. అద్దాల పెట్టెలో నీ ఇంజిన్లు పెడితే అదిరిపోతుంది. ఒక నెల ఉంచి తెచ్చిచ్చేస్తా.”

“పెట్టెకి తాళం ఉంటుందా?”

“నీ మీదొట్టు, ఉంటుంది.”

“ఒట్లు నా మీదెందుకురా, నీ మీద వేసుకో.”

అలా దెప్పుతూనే మూడింటినీ పాత తువ్వాలు మీద వరసగా పెట్టింది. అరచేతిలో ఇమిడిపోయేంతవి. ఇచ్చేముందు వాడికి కాస్తయినా తెలియాలని ఒక్కొక్కటీ చేతికిచ్చి చెప్పింది.

“ఇది అన్నిటికన్నా పాతది. మోటారు సైకిల్లో లాగే స్పార్క్ ప్లగ్గుతో నడుస్తుంది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కాయిలూ, బ్యాటరీ కూడా విమానమే మొయ్యాలి. ఆ రోజుల్లో పాపం విమానానికి ఎగరడం కన్నా సామాను మొయ్యడమే పెద్ద పని. ఇదేమో డీజిల్. ప్లగ్గూ లేదు, కరెంటూ లేదు. లోపల గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే మండుతుంది. ఎంత నొక్కాలో పైనున్న ఈ మరతో సరిచూసుకోవాలి. ఈథరూ, కిరసనాయిలూ, ఆముదమూ కలిపి పొయ్యాలి.”

“ఆముదమా!”

“నీకు చిన్నప్పుడు ముక్కు మూసి తాగించిందే. దీనికైతే మారాం చెయ్యకుండా దిగుతుంది. ఇక ఈ మూడోది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన రకం. ప్లగ్గులో ప్లాటినం తీగ ఉంటుంది. ముందు బ్యాటరీతో ఎర్రగా కాల్చాలి. ఇంజిన్ అందుకున్నాక బ్యాటరీ తీసేసినా తీగ ఎర్రగానే ఉంటుంది. కాయిలూ బ్యాటరీ మోసే బాధ తప్పిందని చాలామంది పాతవాటిని అటకెక్కించేశారు. అందుకే ఆ మొదటిది ఇప్పుడు వెతికినా దొరకదు.”

హంగులు శ్రద్ధగా తలూపాడు. రోజూ రెండుసార్లు పళ్లు తోముకోమంటే ఆమె దగ్గరికొచ్చే రోగులు ఎలా తలూపుతారో, సరిగ్గా అలాగే.

హోటల్ తెరిచిన మొదటి ఆదివారం డాక్టరమ్మ విమానాలు ఎగరేసే మైదానం నుంచి తిరిగొస్తూ అటు కారు తిప్పింది. హాల్లో అద్దాల పెట్టె ఎక్కడా కనిపించలేదు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకునే బల్ల మీద మాత్రం రెండు దీపాలు వెలుగుతున్నాయి. దగ్గరికెళ్లింది. బల్బు కింద సన్నటి రేకుల వరసలు కనబడ్డాయి. ఇంజిన్ వేడి చల్లారడానికి ఉండే రేకులవి.

పాత ఇంజిన్ పొట్టలోంచి వేలు దూరేంత రంధ్రం చేసి, అందులోంచి కరెంటు తీగ పైకి లాగారు. తల ఊడదీసి అక్కడ బల్బు బిగించారు. తిరగాల్సిన ఫ్యాను రెక్కకు బంగారు రంగు పూసి, కదలకుండా జిగురుతో అతికించారు. ప్లాటినం తీగ ఇంజిన్‌దీ అదే గతి.

“బాగున్నాయి కదండీ? అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు,” అంది బల్ల వెనకాల అమ్మాయి.

డాక్టరమ్మ చెయ్యి చాచి రెండు దీపాల స్విచ్చులూ ఆర్పేసింది. ఆ అమ్మాయి కంగారుపడి మేనేజరును పిలిచింది. ఆయన వెనకే హంగులు నవ్వుకుంటూ వచ్చాడు.

“అక్కా! చెప్పకుండా వచ్చావే! ఎలా ఉన్నాయి?”

“అద్దాల పెట్టె ఏదిరా?”

“అది పాత పద్ధతిలా అనిపించింది. ఇలా అయితే వస్తువుకి ఒక ఉపయోగం కూడా ఉంటుంది కదా.”

“ఉపయోగమా? ఇవి నడిచే ఇంజిన్లురా! నిమిషానికి వేలసార్లు తిరిగేవి. దాని కడుపులో రంధ్రం పొడిచి, దానికి ఉపయోగం నేర్పిస్తావా నువ్వు?”

“చిన్న రంధ్రమే కదక్కా. నువ్వు రోజూ పళ్లకి చెయ్యవూ?”

“చేస్తాను. ఎక్కడ చెయ్యకూడదో తెలుసుకుని చేస్తాను. పన్ను ఎవరిదో వాళ్లని అడిగి చేస్తాను.”

మేనేజరు హంగులు వైపు తిరిగాడు. “ఇవి మీ సొంతమన్నారే మీరు!”

హంగులు ముఖం మాడిపోయింది. రంధ్రం తెలివితక్కువతనం అనుకోవచ్చు. ఈ మాట మాత్రం తెలివితక్కువతనం కాదు.

“ఆ డీజిల్ ఎక్కడరా?”

హోటల్ వెనక పెరట్లో ఉంది. వడ్రంగి బల్ల మీది ఇనప పట్టులో బిగించి, రంధ్రం ఎక్కడ చెయ్యాలో పెన్సిలుతో గీత కూడా గీశారు. వడ్రంగి డ్రిల్లు చేతికి తీసుకుంటున్నాడు.

“చెయ్యి తియ్యి నాయనా!” అన్న ఆమె కేకకు అతను రెండడుగులు వెనక్కి వేశాడు.

హంగులు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. “ఎందుకక్కా ఇంత గొడవ? అందరూ చూస్తున్నారు. చచ్చిపోయిన పాత సామానే కదా!”

ఆమె వాణ్ని తప్పించుకుంది. కారు దగ్గరికెళ్లి మైదానానికి తీసుకెళ్లిన సంచి తెచ్చింది. డ్రిల్లు తీగ పీకించింది, బల్లను గోడకు దూరంగా జరిపించింది. చిన్న ట్యాంకు గొట్టం తగిలించి ఇంధనం పోసింది, రెక్క బిగించింది. గాలి పీల్చే నోటికి వేలు అడ్డుపెట్టి రెక్కను నెమ్మదిగా తిప్పితే ఇంధనం లోపలికి పాకింది. తోలు తొడుగు వేలికి వేసుకుని రెక్కను చటుక్కున కొట్టింది. ఏమీ కాలేదు. మళ్లీ కొట్టింది. టప్పుమని ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. మరను కొంచెం బిగించి మూడోసారి కొట్టింది.

ఇంజిన్ అరిచింది. పిడికెడంత లోహం నుంచి వచ్చిన ఆ హోరుకు పై అంతస్తుల కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఈథర్ వాసన, కాలిన ఆముదం వాసన పెరడంతా కమ్ముకున్నాయి. మేనేజరు చెవులు మూసుకున్నాడు. వడ్రంగి మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాడు. ట్యాంకులో చుక్క అయిపోయేదాకా డాక్టరమ్మ దాన్ని ఆపలేదు.

“చచ్చిపోయిందన్నావుగా,” అంది అది ఆగాక.

“తప్పయిపోయిందక్కా.”

“ఆ మాట నాకు అక్కర్లేదు. పాతదానికి కొత్త పొట్ట కావాలి, అంతే. అది దొరికేదాకా నా గుమ్మం తొక్కకు.”

మేనేజరు ఆ రెండింటినీ బల్బులు తీయించి, గుడ్డలో చుట్టి ఆమెకు ఇచ్చేశాడు. ప్లాటినం తీగ రకానికి భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి కాబట్టి అది తొందరగానే బాగుపడింది. పాతదాని కోసం హంగులు ఊళ్లు పట్టుకు తిరిగాడు. మొదట్లో అక్కకు ఫోన్లు చేసి కాళ్లావేళ్లా పడ్డాడు, తర్వాత అలిగాడు, తర్వాత అలక మానేసి మళ్లీ వెతికాడు. చివరికి గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర అదే రకం ఇంజిన్ ఉందని తెలిసింది. దాని పిస్టన్ పగిలింది గానీ పొట్ట బాగుంది. అక్కను వెంటబెట్టుకుని వెళ్లాడు.

ముసలాయన ఆ పొట్ట భాగాన్ని బల్ల మీద పెట్టి, “మీదానికి ఏమైంది?” అని అడిగాడు.

“కింద పడి పగిలిందండీ,” అన్నాడు హంగులు.

డాక్టరమ్మ వాడి వైపు చూసింది. “నిజం చెప్పు.”

వాడు మొత్తం చెప్పాడు. అడిగి తెచ్చిన వస్తువని, తనదేనని అబద్ధమాడానని, రంధ్రం చేయించింది తానేనని. బల్బు దగ్గరికొచ్చేసరికి ముసలాయన భాగాన్ని బల్ల మీంచి లాక్కుని గుండెలకు హత్తుకున్నాడు.

“బల్బా! ఇందులో బల్బు పెట్టావా! నీ చేతికి దీన్నిస్తే నా చేతులు విరగ్గొట్టుకోవాలి!”

“నాకివ్వకండి. మా అక్కకివ్వండి,” అన్నాడు హంగులు.

ముసలాయన ఇంకా చాలాసేపు తిట్టాడు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు డాక్టరమ్మ అందుకుని తిట్టింది. ఇద్దరూ కలిసి వాణ్ని తిడుతూనే సంచి విప్పి, అక్కడే ఇంజిన్ బిగించడం మొదలుపెట్టారు. ఒకరు పిస్టన్ తుడిస్తే ఇంకొకరు మరలు అందించారు. తమ్ముడు గోడ వారగా నిలబడి చూస్తున్నాడు. కాసేపటికి తనకు తెలియకుండానే బల్ల దగ్గరికి వచ్చాడు.

“దీని కాయిలు విమానంలో ఎక్కడ పెడతారక్కా?”

వాడు ఇంజిన్ల గురించి తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆమె కోపం చల్లారలేదు, వాడి ముఖం చూడనూ లేదు. కానీ తల ఎత్తకుండానే, “ముక్కు వెనకాల. ఆ లైటు కొంచెం ఇటు పట్టుకో, చూపిస్తా,” అంది.